బర్రె రంగు చాయ్

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు కొందరు మొన్న మేడ్చల్‌లో మా ఇంటికి వచ్చారు. నీళ్ల పరీక్షల ల్యాబులో ఒకప్పుడు నేను కూర్చున్న బల్ల దగ్గరే ఇప్పుడు వాళ్లు కూర్చుంటున్నారు. "మీకు బాగా గుర్తుండిపోయిన కేసు ఏదైనా చెప్పండి మేడమ్" అని అడిగారు. నేను పెద్ద పెద్ద మెషీన్ల గురించి చెబుతాననుకున్నట్టున్నారు. నేను చాయ్ గురించి మొదలుపెట్టాను. పాపం, మర్యాదకి నవ్వి, బిస్కెట్లు తిని వెళ్లిపోయారు. మర్యాదకి నవ్వినవాళ్లకి కథ పూర్తిగా చెప్పకపోతే నాకు తిన్నది అరగదు. అందుకే రాస్తున్నాను.

ముందే ఒక మాట. మాది గుడివాడ వైపు. మా పుట్టింట్లో కాఫీ తప్ప ఇంకోటి లేదు. టీ అంటే జలుబు చేసినప్పుడు అల్లం దంచి వేసి ఇచ్చే కషాయం. అలాంటిదాన్ని, ఉద్యోగం మొత్తంలో నాకు ముచ్చెమటలు పట్టించింది మాత్రం ఒక గిన్నెడు చాయ్.

శామీర్‌పేట దాటి లాల్‌గడి మలక్‌పేట్ వైపు వెళ్తూ లోపలికి తిరిగితే ఒక ఊరు వస్తుంది. పేరు చెప్పను. అక్కడ ఇప్పుడు ప్లాట్లు అమ్ముకుంటున్నారు, నా వల్ల రేటు పడిపోయిందన్న మాట నాకెందుకు. ఆ ఊళ్లో నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి. తాగడానికి మాత్రం అందరికీ స్కూలు ముందరి బోరే. ఆ నీళ్లు తీయగా, చల్లగా, అద్దంలా ఉండేవి. పప్పు ఇట్టే ఉడికేది. రావల్కోల్ నుంచి పాలు తెచ్చే ఆయన కూడా అక్కడ బండి ఆపి సీసా నింపుకొనేవాడు. బోరు పక్కనే రేకుల షెడ్డులో ఒక చాయ్ హోటల్ ఉండేది. దాని యజమాని పెద్దాయన, ఊరందరికీ చాచా. ఆయన మనవరాలు ఎదురుగా ఉన్న స్కూల్లోనే ఒకటో తరగతిలో చేరింది. గంట కొట్టగానే వచ్చి తాత గల్లాపెట్టె మీద కూర్చునేది.

మామూలు పరీక్షల్లో భాగంగా ఆ బోరు నీళ్లు మా ల్యాబుకి వచ్చాయి. చూస్తే ఆర్సెనిక్ ఉంది. ఉండాల్సిన హద్దుకి చాలా పైన ఉంది. నమ్మబుద్ధి కాక మళ్లీ తెప్పించి చూశాను, మళ్లీ అదే. రాళ్లలోంచి వచ్చిందా, ఎప్పుడో మూతపడ్డ ఏ షెడ్డులోంచైనా దిగిందా అన్నది వేరేవాళ్లు తేల్చాల్సిన సంగతి. ఇప్పటికీ తేలుస్తూనే ఉన్నారు.

సంగతి చెప్పడానికి మా ఇంజినీరు, నేను కలిసి ఆ ఊరు వెళ్లాం. ఆయన సిద్దిపేట వైపు మనిషి. నాకంటే చాలా చిన్నవాడు, పని తెలిసినవాడు, ఎవరి మాటా కాదనలేనివాడు. సర్పంచ్ ఆవిడ హోటల్ ముందే కుర్చీ వేయించుకుని మా మాట విన్నారు.

"ఏంది మేడమ్, గీ నీళ్లు తాగే మా అత్త ఎనభై ఏండ్లు బతికింది. గిప్పుడు విషమంటరా?"

"ఆర్సెనిక్ అంటే పాషాణమండి. రంగు ఉండదు, రుచి ఉండదు, వాసన ఉండదు. ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా ఒంట్లో చేరుతుంది."

"సంఖియానా?" అన్నాడు చాచా, చాయ్ వడపోస్తున్నవాడల్లా ఆగి.

అవునన్నాను, ఉర్దూలో పాషాణాన్ని అలాగే అంటారు. ఆయన గ్లాసు అందిస్తుంటే అప్పుడు చూశాను, అరచేతుల నిండా ఆవగింజలు నాటినట్టు గట్టి గట్టి పొక్కులు. అడిగితే, "గరం గిన్నెలు పట్టి పట్టి గట్లయినయ్ మేడమ్" అని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గిన్నెలు పడితే అలా కావని, ఈ నీళ్లు తాగితే అవుతాయని నాకు తెలుసు. డాక్టరుకి చూపించుకోమన్నాను. ఆయన తల ఊపి, మనవరాలి వైపు చూశాడు. ఆ పిల్ల అదే బోరు నీళ్లు సీసాలో పోసుకుని గటగటా తాగుతోంది.

ప్రమాదం ఉన్న బోరుకి ఎర్ర రంగు వేయాలని మాకు నియమం. వేయించి వచ్చాం. బోనాల ముందు మళ్లీ వెళ్లేసరికి, ఆ ఎర్ర గొట్టానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, వేపమండలు కట్టి ఉన్నాయి. సర్కారు వాళ్లు పండక్కి బోరుకు కొత్త రంగు వేశారని ఊళ్లో అందరూ సంతోషించారట. ఎరుపంటే వద్దని అర్థం చేసుకోవాలని మా కాగితాల్లో రాసి ఉంది గాని, ఎరుపు చూస్తే దండం పెట్టే ఊళ్లో ఆ కాగితం ఎవరు చదువుతారు? ఇంజినీరు, నేను బండిలో శామీర్‌పేట చెరువు కట్ట దాకా నవ్వుకుంటూనే వచ్చాం. కట్ట దాటాక ఇద్దరికీ నవ్వు ఆగిపోయింది. ఆ బోరుకి రంగు కాదు, ఇంకేదో చేయాలి.

నానా తిప్పలు పడి ఒక ఫిల్టర్ మంజూరు చేయించుకున్నాం. మనిషి కంటే ఎత్తున్న రెండు నీలం ట్యాంకులు, వాటి నిండా తుప్పు రంగు రవ్వ. ఇనుము తుప్పుకి ఆర్సెనిక్‌ని పట్టుకునే గుణం ఉంది. నీళ్లు రవ్వలోంచి కిందికి దిగుతుంటే విషం రవ్వకి అంటుకుని ఉండిపోతుంది, మంచి నీళ్లు బయటికి వస్తాయి. ఇంతకు మించి మీకిక్కడ పాఠం చెప్పను. ఒక్క నియమం మాత్రం చెప్పాలి. కొత్త రవ్వ పోశాక మొదట వచ్చే నీళ్లు పారబోయాలి, బియ్యం కడిగినట్టు. ఆ కడుగు పూర్తయ్యేదాకా రవ్వలోని ఇనుము నీళ్లలో కలుస్తూ ఉంటుంది. విషం కాదు, ఉత్త తుప్పు.

ఫిల్టర్ మరుసటి ఏడు నడివేసవిలో వచ్చింది. ఒక రోజు పొద్దున్న ప్రారంభానికి సర్పంచ్ దేవరయాంజాల్ గుడి పంతులుగారి చేత ముహూర్తం పెట్టించారు. ముందు రోజు కడగడానికి ఇంజినీరు ఒక్కడే వెళ్లాడు. జరిగింది తర్వాత ఆయన చెబితే విన్నాను. గొట్టం మురుగు మోరీలోకి పెట్టి నీళ్లు వదిలాడట. ఖాళీ బిందెలతో ఆడవాళ్లు వరుసగా వచ్చి నిలబడ్డారట.

"ఏంది సారూ, మేము బిందె నీళ్లకు ఎండల నిలవడ్తె నువ్వు మోర్ల పోస్తున్నవ్?"

"కడుగుతున్నమ్మా, కొద్దిసేపు ఆగుండ్రి."

"డబ్బా కొత్తదే గద. కొత్తదానికి కడుగుడేంది? గా నీళ్లు మంచిగనే కనవడ్తున్నయ్ గద?"

వాళ్లలో ఒక అవ్వ వెళ్లి మోరీ పక్కన కూర్చుని, పారే నీళ్లని చెంబుతో ఎత్తి బిందెలో పోసుకోవడం మొదలుపెట్టిందట. మా ఇంజినీరు చిన్నప్పుడు వాళ్లమ్మ మైళ్ల దూరం నుంచి నీళ్లు మోసి పెంచిన పిల్లవాడు. ఆ చెంబు చూశాక ఆయన చెయ్యి ఆగలేదు, కడుగు వాల్వు కట్టేశాడు. "మేడమ్, మీరుంటే మీరూ బంద్ చేస్తుండె" అన్నాడు నాతో. బహుశా చేసేదాన్నే.

ప్రారంభం రోజు నేను ఆర్సెనిక్ రిపోర్టు పట్టుకుని పెళ్లివారిలా వెళ్లాను. ముందు రోజు ఇంజినీరు పట్టి తెచ్చిన ఫిల్టర్ నీళ్లలో విషం పూర్తిగా పోయింది. మా పై అధికారి వచ్చారు. కొబ్బరికాయ కొట్టారు. నల్లా తిప్పితే తేట నీళ్లు వచ్చాయి, అందరూ చప్పట్లు కొట్టారు. అక్కడితో ఇంటికి పోతే బాగుండేది. కానీ ఈ వైపు ఏ శుభకార్యమూ చాయ్ లేకుండా ముగియదు. పైగా సర్పంచ్ ఆవిడ ముచ్చటపడి, ఫిల్టర్ నీళ్లతోనే అందరి కళ్ల ముందు చాయ్ కాయమని చాచాకి చెప్పి పెట్టారు.

చాచా పెద్ద గిన్నె ఎత్తాడు. నీళ్లు మరిగాయి. పత్తి వేశాడు, చాయ్‌పత్తి. ఒక నిమిషం గిన్నెలోకి చూసి, మూత తీసి, మళ్లీ పెట్టాడు. ఆయన ముఖం చూసి నేను దగ్గరికి వెళ్లాను. గిన్నెలో సిరా ఉంది. తుప్పూ చాయ్‌పత్తీ కలిస్తే నలుపు పుడుతుంది. చదువుకున్నదాన్ని, అది నాకు తెలుసు. తెలిసి ఏం లాభం, ఊరంతా అక్కడే నిలబడి ఉంది. పాలు పోస్తే తెల్లబడుతుందేమోనని ఆయన పాలు పోశాడు. అది అచ్చం బర్రె రంగుకి వచ్చింది.

చాచా మెల్లగా అన్నాడు. "మేడమ్, నలభై సాల్‌ల నుంచి చాయ్ చేస్తున్న. గిసుంటి చాయ్ నేను చూడలే."

మోరీ దగ్గర చెంబుతో నీళ్లెత్తిన అవ్వ తొంగి చూసి తీర్పు చెప్పేసింది. "పాషాణం బోర్ల లేదు బిడ్డా. గీ నీలం డబ్బాల ఉన్నది."

ఇంకేముంది, పుణ్యానికి పోతే పాపం ఎదురైంది. ఇంజినీరు తేలు కుట్టిన దొంగలా ట్యాంకు వెనకాల చేరాడు. నా చేతిలోని రిపోర్టుని ఒక్కరూ చూడలేదు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. పై అధికారి చాయ్ ముట్టకుండా కారెక్కుతూ చెప్పిన మాట మాత్రం నవ్వు తెప్పించలేదు. ఊరు ఒప్పుకుని తీర్మానం రాసిస్తేనే ఫిల్టర్ ఇక్కడ ఉంటుంది. లేదంటే వారంలో విప్పి వేరే ఊరికి పంపుతారు, అడుగుతున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఫిల్టర్ పోతే ఆ స్కూలు పిల్లలకి మళ్లీ ఆ పసుపు కుంకుమల బోరే గతి.

అందరూ వెళ్లాక నేను హోటల్లో కూర్చున్నాను. నాకు కోపం వస్తే మాట పెరుగుతుంది. ఆ రోజూ పెరిగింది. ఇంజినీరుని నాలుగు మాటలు అన్నాను, ఆయన పడ్డాడు. తర్వాత చాచాని పాత బోరు నీళ్లతో మామూలు చాయ్ డికాషన్ కాయమన్నాను. ఎప్పట్లాగే ఎర్రగా, కంటికింపుగా వచ్చింది. హోటల్ తలుపు చెక్కలోంచి తుప్పు పట్టిన మేకు ఒకటి పీకి అందులో పడేశాను.

"మేడమ్, నా హోటల్ పీకుతున్నరా?" అన్నాడు చాచా.

"కాసేపు ఆగండి చాచా."

కాసేపయ్యేసరికి ఆ ఎర్రటి డికాషన్ కూడా పొద్దుటి రంగుకి తిరిగింది. చాచా గరిటెతో తిప్పి తిప్పి చూశాడు. సర్పంచ్‌ని కేకేసి పిలిచాడు. ఆవిడ కూడా చూసి, "అంటే గిది పాషాణం కాదు, తుప్పు" అన్నారు. తుప్పేనని, కడిగితే పోతుందని చెప్పాను.

"కడుగుండ్రి మరి, ఎవరొద్దన్నరు?"

ఇంజినీరు అప్పుడు నోరు విప్పాడు. "మీ ఆడోళ్లే వద్దన్నరు మేడమ్. నీళ్లు మోర్ల పోస్తె నన్ను అండ్లనే ముంచుతమన్నరు."

సర్పంచ్ పడీ పడీ నవ్వారు. అప్పుడే స్కూలుకి ప్రహరీ గోడ కడుతున్నారు. కొత్త గోడకి రోజూ నీళ్లు పట్టాలి కదా, ఆ నీళ్ల కోసం ట్యాంకరు చెప్పబోతున్నారట. "మోర్ల పొయ్యొద్దు, గోడకు పట్టుండ్రి. ఎవ్వరేమంటరో నేను చూస్త" అని తేల్చేశారు. ఫిల్టర్ గొట్టం మోరీ నుంచి గోడకి మారింది. బిందెలతో వచ్చినవాళ్లు ఈసారి ఒక్క మాట అనలేదు. నీళ్లు వృథా అయితే మన ఆడవాళ్లు ఊరుకోరు గాని, పని చేస్తున్న నీళ్లని ఎవరూ ఏమీ అనరు. ఆ గోడ తుప్పు మరకలతో ఇప్పటికీ ఎర్రగానే ఉంది.

ఆ వారమంతా సాయంత్రం కాగానే చాచా ఫిల్టర్ నీళ్లతో ఒక గ్లాసు చాయ్ కాచి బల్ల మీద పెట్టేవాడు. ఊరంతా వచ్చి చూసేవాళ్లు. మొదట బర్రె, తర్వాత బర్రెదూడ, ఆ తర్వాత బురద. నేను రోజూ వెళ్లలేకపోతే ఇంజినీరు ఫోన్ చేసి రంగు చెప్పేవాడు. చివరికి ఒక రోజు చాచా తనే ఫోన్ తీసుకుని, "మేడమ్, జల్దీ రాండ్రి, ఆవు రంగుకొచ్చింది" అన్నాడు. వెళ్లాను. ఇటుక రంగులో, పైన మీగడ తరకతో, అచ్చమైన చాయ్. కాఫీదాన్నైనా రెండు గ్లాసులు తాగాను. ఆ అవ్వ మూడోది తాగుతూ, "గిప్పుడు నీళ్లు మంచిగైనయ్ బిడ్డా" అని నన్ను దీవించింది.

అందరూ తీర్మానం మీద సంతకాలు పెడుతున్నారు. నన్ను మాత్రం ఆ దీవెన భయపెట్టింది. నీళ్లు మంచివైనట్టు చాయ్ చెప్పిందని వాళ్లు నమ్ముతున్నారు. ఈ ఫిల్టర్ రవ్వ ఎల్లకాలం పనిచేయదు, పట్టుకోగలిగినంత పట్టుకుని ఒక రోజు వదిలేస్తుంది. ఆ రోజు కూడా చాయ్ ఇటుక రంగులోనే ఉంటుంది.

సంబరం చెడగొట్టడం నాకు అలవాటే. చాచాని రెండు గ్లాసులు కాయమన్నాను, ఒకటి ఫిల్టర్ నీళ్లతో, ఒకటి పాత బోరు నీళ్లతో. పక్కపక్కన పెట్టించి, తాగకుండా, రంగు చూసి వాసన చూసి విషం ఏ గ్లాసులో ఉందో చెప్పమన్నాను. సర్పంచ్ చెప్పలేకపోయారు. ఇంజినీరూ చెప్పలేకపోయాడు. అవ్వ ధైర్యంగా ఒకటి చూపించింది. అది ఫిల్టర్ నీళ్లది.

"మరి ఎట్ల తెలుస్తది మేడమ్?" అన్నాడు చాచా.

"తెలియదు చాచా. సీసాలో పట్టి మా ల్యాబుకి పంపాలి. మెషీన్ చెప్పాలి. మీ నాలుకా చెప్పదు, నా నాలుకా చెప్పదు."

ఆయన బోరు నీళ్ల గ్లాసు తీసుకెళ్లి బయట పారబోశాడు. మనవరాలిని పిలిచి, ఆమె సీసాని ఫిల్టర్ నల్లా కింద పట్టాడు. సర్పంచ్ ఆవిడ ఆ సాయంత్రమే బోరుకున్న పాత నల్లా పీకించేశారు. పసుపు కుంకుమలు పెట్టినవాళ్లు ముందుగా ఒక కొబ్బరికాయ కొట్టి మరీ పీకారు.

తర్వాత ఏళ్లు గడిచాయి. క్రమం తప్పకుండా ఆ ఊరి నీళ్లు తెప్పించి చూస్తూ వచ్చాం, ఎప్పుడూ బాగానే ఉండేవి. ఇంజినీరుకి బదిలీ అయింది. సర్పంచ్ మారారు. మా ల్యాబులో మనుషులు తగ్గి ఊళ్లు పెరిగాయి. నేను రిటైరవబోయే ఏడు ఒక విడత ఆ ఊరి నీళ్లు తెప్పించడం వెనక్కి పడింది. ఈ నెల కాకపోతే వచ్చే నెల అనుకుంటూ వచ్చాం. ఆ ఫిల్టర్ ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు కదా.

ఒక రోజు పొద్దున్న ల్యాబు తాళం తీస్తుంటే మెట్ల మీద చాచా కూర్చుని ఉన్నాడు. శామీర్‌పేట నుంచి బస్సు మారి వచ్చాడట. చంకలో బట్ట చుట్టిన సీసా ఉంది.

"ఏం చాచా, చాయ్ మళ్లీ నల్లబడిందా?" అన్నాను నవ్వుతూ.

"లేదు మేడమ్. చాయ్ మస్తుగున్నది. గిరాకీ కూడ మస్తుగున్నది." సీసా నా చేతిలో పెట్టాడు. "మీరు ఈపారి నీళ్లకు రాలే. గందుకే నేనే తెచ్చిన."

బల్ల మీద ఉన్న పనంతా పక్కన పెట్టి ఆ సీసా ముందు చూశాను. పరీక్ష అయ్యేదాకా ఆయన వరండాలో బెంచీ మీద తస్‌బీ పూసలు తిప్పుకుంటూ కూర్చున్నాడు. క్యాంటీన్ నుంచి చాయ్ పంపిస్తే, నీళ్లు ఎక్కడివని అడిగి అప్పుడు తాగాడట. అంకె వచ్చింది. మళ్లీ చూశాను, అదే వచ్చింది. ఆర్సెనిక్ పైకి రావడం మొదలైంది. హద్దు ఇంకా దాటలేదు, కానీ అంచు మీద ఉంది. ఇంకొన్నాళ్లు మేం అలాగే వచ్చే నెల అనుకుంటూ ఉంటే దాటేది, ఊళ్లో ఎవరికీ తెలిసేది కాదు.

బయటికొచ్చి చెప్పాను. "ఎక్కుతోంది చాచా. ఇంకా దాటలేదు. ఈ రోజే మాట్లాడి రవ్వ మార్పిస్తాను. అప్పటిదాకా ఆ నీళ్లు ఎవరినీ తాగనివ్వకండి. మీరు వెంటనే వెళ్లి స్కూల్లో చెప్పాలి."

ఆయన బెంచీ మీద నుంచి లేచి, ఖాళీ సీసాకి బట్ట చుట్టుకున్నాడు.

"నిన్ననే చెప్పిన మేడమ్. పిల్లలను ఇండ్లకొచ్చే నల్లా నీళ్లు కాచి తాగమన్న. నా హోటల్ కూడ బంద్ పెట్టిన. మీరు చెప్పేదాక మాకేం ఎరుక, పొయ్యి ఎట్ల ముట్టియ్యాలె?"